అమెరికాలో ఆడవాళ్ళ పూల్ టూర్ ఏమైంది? మా అమ్మాయిని అటు పంపొచ్చా?

మీరు అడిగినవి రెండు, రెండూ పూల్ గురించే, అంటే క్యూ అనే పొడుగాటి కర్రతో బల్ల మీది బంతులను కొట్టి పాకెట్లలో వేసే ఆట గురించి. తొంభైల చివర్లో ఇండియాలో ఉండగా ఈఎస్‌పీఎన్‌లో రాత్రిళ్ళు చూసిన ఆడవాళ్ళ నైన్‌బాల్ (పూల్‌లో ఒక రకం) మ్యాచ్‌లు, ఇప్పుడు అమెరికాలోనే ఉంటున్నా ఎక్కడా కనపడవేం అన్నది ఒకటి. డల్లాస్‌లో పెరుగుతున్న మీ పద్నాలుగేళ్ళ అమ్మాయి పూల్ బాగా ఆడుతోంది, ప్రొఫెషనల్ అవుతానంటోంది, సరేననవచ్చా అన్నది రెండోది. నేను ఇక్కడ చాలా ఏళ్ళుగా లీగుల్లో ఆడుతున్నాను. ప్రాంతీయ టోర్నమెంట్లలో డ్రాలు వేయడం, స్కోర్లు చూడటం, ఎంట్రీ ఫీజులు వసూలు చేయడం కూడా చేశాను. మొదటిదాని సంగతి తేలితేగానీ రెండోదానికి జవాబు చెప్పలేం, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ఇక్కడి పూల్ హాళ్ళలో తరచూ వినపడే మాట ఒకటుంది: ఆడవాళ్ళ ఆటలో పస తగ్గింది, అందుకే జనం చూడటం మానేశారు అని. దీన్ని నేను అస్సలు ఒప్పుకోను. ఇవాళ పైస్థాయిలో ఆడే అమ్మాయిల బ్రేక్ (బంతులను చెదరగొట్టే మొదటి దెబ్బ), జంప్ షాట్లు (అడ్డున్న బంతి మీదుగా ఎగిరించడం), సేఫ్టీలు (ఎదుటివాళ్ళకు తేలిక షాట్ దొరక్కుండా బంతిని వదలడం) తీసుకుని పాతికేళ్ళ కిందటి టీవీ మ్యాచ్‌ల పక్కన పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఆట పెరిగింది, ఆటకు డబ్బు తెచ్చే దారి మూసుకుపోయింది. మొదట్నుంచీ ఉన్న దారి ఒక్కటే. అదీ ఆడేవాళ్ళ చేతిలో లేదు, చూసేవాళ్ళ చేతిలోనూ లేదు. ఎవరో మూడోవాళ్ళ చేతిలో ఉండేది. వాళ్ళు చెయ్యి తీసేసిన రోజున కింద పట్టుకునేవాళ్ళు లేకపోయారు. నాకు అర్థమైనంతలో అసలు కారణం ఇదే.

కాస్త వెనక్కి వెళ్దాం. ఆడవాళ్ళ ప్రొఫెషనల్ సంఘం డబ్ల్యూపీబీఏ 1976లో పుట్టింది. అప్పటికి బ్రూక్లిన్ అమ్మాయి జీన్ బలూకస్ పూల్ యూఎస్ ఓపెన్‌లను వరసగా గెలుస్తూ ఉంది. తొమ్మిదేళ్ళ వయసులోనే, 1969లో, యూఎస్ ఓపెన్ ఆడి ఐదో స్థానంలో నిలిచిన పిల్ల ఆమె. మగవాళ్ళతో కూడా పోటీల్లో ఆడేది. అంతటి ఆటగత్తె 1988లో, ముప్పై ఏళ్ళు కూడా నిండకముందే, సంఘంతో వచ్చిన గొడవ తర్వాత ప్రొఫెషనల్ పోటీలకు దూరమైంది, మళ్ళీ రాలేదు. ఆమెను టీవీలో సరిగ్గా చూసుకునే అదృష్టం ఈ ఆటకు దక్కలేదు. ఆ రోజుల్లో ఆడవాళ్ళ పోటీలు ఎక్కువగా మగవాళ్ళ టోర్నమెంట్లకు అనుబంధంగా, తక్కువ బహుమతితో జరిగేవి.

1993లో ఆడవాళ్ళు విడిపోయి సొంతంగా క్లాసిక్ టూర్, అంటే ఏడాదంతా సాగే టోర్నమెంట్ల వరస, మొదలుపెట్టారు. ఇది పెద్ద సాహసమే. మగవాళ్ళ వైపు అప్పుడు సంఘాల కొట్లాటలు, కోర్టు కేసులు. ఆడవాళ్ళు మాత్రం ఒక్కతాటి మీద నిలబడి, ఒకే డ్రెస్ కోడ్, ఒకే క్యాలెండర్, ఒకే ర్యాంకింగ్ పెట్టుకుని ఈఎస్‌పీఎన్ దగ్గరికి వెళ్ళారు. 1986లో వచ్చిన ఓ హాలీవుడ్ సినిమా పుణ్యమా అని దేశమంతా కొత్త పూల్ హాళ్ళు తెరుచుకుని, ఆట మీద మోజు ఇంకా వేడిగా ఉన్న కాలం అది. నైన్‌బాల్ టీవీకి భలే కుదిరే ఆట కూడా. బల్ల మీద ఉన్నవాటిలో చిన్న అంకె బంతిని ముందు తాకాలి, తొమ్మిదో బంతిని ఎవరు పాకెట్‌లో వేస్తే ర్యాక్, అంటే ఆ ఒక్క ఆట, వాళ్ళది. రూల్స్ తెలియనివాళ్ళకు కూడా రెండు ర్యాకుల్లో అర్థమైపోతుంది. గంటసేపటి కార్యక్రమంలో ఒక మ్యాచ్ చక్కగా ఇమిడిపోతుంది.

మీకు గుర్తున్న ముఖాలు ఆ కాలం నాటివే. నల్ల బట్టలు, నల్ల గ్లవ్, పొడుగాటి జుట్టుతో 'బ్లాక్ విడో' జానెట్ లీ. చిన్నప్పటి నుంచీ స్కోలియోసిస్‌తో (వెన్నెముక పక్కకు వంగే జబ్బు), వెన్నులో లోహపు కడ్డీతో ఆడిన మనిషి ఆమె. ఆ నొప్పితో అంతసేపు బల్ల మీదికి వంగి నిలబడటం ఎంత కష్టమో, క్యూ పట్టుకున్న ఎవరికైనా తెలుస్తుంది. స్వీడన్ నుంచి వచ్చిన ఎవా లారెన్స్, న్యూజెర్సీ లోరీ జాన్ జోన్స్, టెక్సస్ నుంచి వివియన్ విల్లరియల్, ఆస్ట్రియా నుంచి గెర్డా హోఫ్‌స్టాటర్. 1995లో ఇంగ్లండ్ నుంచి ఆలిసన్ ఫిషర్ దిగింది. పూల్‌కు దగ్గరి ఆట అయిన స్నూకర్‌లో ఏడుసార్లు మహిళల ప్రపంచ చాంపియన్ అయినా అక్కడ బతకడానికి సరిపడా డబ్బు లేక అమెరికా వచ్చింది. వచ్చాక 1996, 1997, 1998, 2001 సంవత్సరాల్లో నైన్‌బాల్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లు గెలిచింది. ఆమె వెనకాలే ఉత్తర ఐర్లండ్ నుంచి కారెన్ కార్, 2004లో ఇంగ్లండ్ నుంచే కెల్లీ ఫిషర్. అటుపక్క కొరియా నుంచి కిమ్ గా యంగ్, చైనా నుంచి పాన్ షియావోటింగ్. ఒక్కమాటలో, క్యూ పట్టి బతకాలనుకునే ఆడపిల్లకు ప్రపంచంలో అన్నిటికన్నా మంచి చోటు అప్పట్లో అమెరికానే. ఒక దశలో ఈఎస్‌పీఎన్‌లో మగవాళ్ళ పూల్ కంటే ఆడవాళ్ళ పూల్ ఎక్కువ కనిపించేది. ఇంకే ఆటలోనైనా ఇలా జరిగిందా అంటే నాకు వెంటనే ఒక్కటీ తట్టడం లేదు.

ఇక డబ్బు సంగతి. టీవీలో వస్తోందంటే చానెల్ వాళ్ళు టూర్‌కు లక్షలు పోస్తున్నారని చాలామంది అనుకుంటారు. బాస్కెట్‌బాల్‌కు, ఫుట్‌బాల్‌కు అది నిజం. పూల్ లాంటి చిన్న ఆటలకు లెక్క తిరగబడుతుంది. కెమెరాలు, లైట్లు, కామెంటరీ, ఎడిటింగ్ ఖర్చులు నిర్వాహకుల నెత్తినే పడతాయి. చాలాసార్లు ప్రసార సమయం కూడా వాళ్ళే కొనుక్కోవాలి. ఆ డబ్బు స్పాన్సర్ల నుంచి రావాలి. ఆడవాళ్ళ టూర్‌కు అది ప్రధానంగా క్యూలు, బల్లలు, క్లాత్ తయారుచేసే కంపెనీల నుంచి, టోర్నమెంటుకు ఆతిథ్యమిచ్చే క్యాసినోల నుంచి వచ్చేది. కాలిఫోర్నియా, ఒరెగన్, ఓక్లహోమా, మిషిగన్, మిన్నెసోటాల్లోని అమెరికన్ ఇండియన్ తెగల క్యాసినోలు ఈ టూర్‌ను ఏళ్ళ తరబడి నిలబెట్టాయి. హాల్ ఇచ్చేవాళ్ళు, గదులు ఇచ్చేవాళ్ళు, బహుమతి డబ్బులో సాయం పట్టేవాళ్ళు. బదులుగా టీవీలో క్యాసినో పేరు పదేపదే కనపడేది. గురువారం నుంచి మ్యాచ్‌లు జరిగేవి, చివరి మ్యాచ్‌లకు మాత్రం ఒకే బల్ల చుట్టూ లైట్లు, మెట్ల సీట్లు కట్టి టీవీ కోసం రికార్డు చేసేవాళ్ళు. అప్పట్లో మొదటి బహుమతి పదివేల డాలర్ల పైమాటే.

ఇందులో చూడ్డానికి వచ్చిన ప్రేక్షకుడు ఇచ్చేది ఎంత? టికెట్ డబ్బులు టూర్ ఖర్చులో ఏ మూలకూ వచ్చేవి కావు. టీవీలో చూసేవాళ్ళు పైసా ఇవ్వరు. అంటే మొత్తం కట్టడం 'టీవీలో పేరు కనపడుతుంది' అన్న ఒక్క వాగ్దానం మీద నిలబడింది. టీవీ పోతే క్యాసినోకు ఆసక్తి పోతుంది, క్యాసినో పోతే టీవీకి కట్టడానికి డబ్బుండదు.

మొదటి దెబ్బ ఎవరూ ఊహించని వైపు నుంచి తగిలింది. 2003లో టెన్నెసీకి చెందిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్‌లో అర్హత సంపాదించి, వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ అనే పేకాట పోటీ గెలిచి 25 లక్షల డాలర్లు పట్టుకుపోయాడు. అక్కడి నుంచి పోకర్ మీద వెర్రి మొదలైంది. పోకర్ షో తీయడం చవక, మళ్ళీ మళ్ళీ వేసినా జనం చూస్తారు, పైగా ఆన్‌లైన్ పోకర్ సైట్లు ప్రకటనలు కుమ్మరించాయి. మధ్యాహ్నాలు, రాత్రులు పూల్ వచ్చే వేళల్లోకి పోకర్ వచ్చి కూర్చుంది. క్యాసినో మేనేజర్ వైపు నుంచి కూడా చూడండి. పోకర్ టోర్నమెంటుకు వచ్చిన మనిషి క్యాసినోలోనే డబ్బు పెడతాడు. పూల్ ఆడటానికి వచ్చిన అమ్మాయి గది, భోజనం ఖర్చే జాగ్రత్తగా చూసుకుంటుంది. ఆయనకు ఏది లాభమో వేరే చెప్పక్కర్లేదు.

2005, 2006ల్లో మగవాళ్ళ ఆటను ప్రధానంగా పెట్టుకుని ఒక టూర్ భారీ డబ్బుతో వచ్చింది. లాస్ వేగస్‌లో లోరీ జాన్ జోన్స్‌కు, మగవాళ్ళలో పేరున్న మైక్ సీగల్‌కు మధ్య పెట్టిన ఒకే ఒక్క మ్యాచ్‌లో ఓడిన ఆమెకు 75,000 డాలర్లు. అందరికీ ఆశ పుట్టింది. 2006 అయ్యేసరికి బహుమతులు సకాలంలో చెల్లించలేక ఆ టూర్ ఆగిపోయింది. బయట ఉన్న స్పాన్సర్ల కళ్ళలో పూల్ పేరు మరి కాస్త చెడింది. మగవాళ్ళకు 1990ల చివర్లోనే సిగరెట్ కంపెనీ పెట్టిన టూర్ పోయిన అనుభవం ఉంది. ఎవరో ఒక పెద్ద చెయ్యి పట్టుకోవడం, అది వదిలేయడం అన్నది ఈ ఆటలో రెండు వైపులా ఉన్న కథే.

అసలు దెబ్బ 2008 మాంద్యం. ఇక్కడ బయటివాళ్ళు గమనించని లంకె ఒకటుంది. అమెరికాలో పూల్ బల్లల వ్యాపారం కొత్త ఇళ్ళతో ముడిపడి ఉంటుంది. పెద్ద ఇల్లు కట్టుకున్నవాళ్ళు బేస్‌మెంట్‌లోనో గేమ్ రూమ్‌లోనో బల్ల వేయించుకుంటారు. ఇళ్ళ అమ్మకాలు కుప్పకూలగానే బల్లలు, క్యూలు అమ్మే కంపెనీల రాబడి పడిపోయింది. ఆ కంపెనీలే టూర్ స్పాన్సర్లు. అదే సమయంలో క్యాసినోల ఆదాయమూ తగ్గింది. రెండు కాళ్ళూ ఒకేసారి విరిగాయి. అంతకుముందు ఏడాదికి ఐదారు టీవీ టోర్నమెంట్లు జరిగిన టూర్ కొద్ది ఏళ్ళలోనే ఒకటి రెండింటికి దిగిపోయింది. ఈఎస్‌పీఎన్‌లో కొత్త మ్యాచ్‌లు రావడం దాదాపు ఆగిపోయింది. ర్యాంకింగ్‌లో ఇరవయ్యో స్థానంలో ఉన్న ఆటగత్తెకు ఇంక లెక్క కుదరలేదు. కొందరు లీగులు నడుపుకున్నారు, కొందరు కోచింగ్‌కు మళ్ళారు, కొందరు వేరే ఉద్యోగాల్లో చేరిపోయారు.

ఆ తర్వాత మిగిలింది ఎంట్రీ ఫీజు ఆట. ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. 64 మంది తలా 300 డాలర్లు కడితే 19,200. హాల్ యజమాని మరో 5,000 కలిపాడనుకోండి, 24,200. అందులో పైనున్న 16 మందికే పంచుతారు, మిగతా 48 మంది వట్టి చేతులతో ఇంటికి పోవాలి. పదహారో స్థానానికి వచ్చేది ఎంట్రీ ఫీజు కంటే కాస్త ఎక్కువ. విమానం టికెట్, నాలుగు రాత్రుల గది, తిండి కలిపితే వెయ్యి దాటుతుంది. ఇది మన చిట్టీ లాంటిది, వేసినవాళ్ళ డబ్బే వేసినవాళ్ళలో తిరుగుతుంది. కాకపోతే చిట్టీలో అందరికీ ఏదో ఒక నెల వంతు వస్తుంది, ఇక్కడ రాదు. బయటి నుంచి డబ్బు రానంత కాలం ఎంత బాగా ఆడినా ఇది జీవనం కాదు.

ఒక ప్రాంతీయ టోర్నమెంట్ ఫైనల్ ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే మీ అమ్మాయి ముందుగా చూడబోయేది ఇదే. ఆదివారం సాయంత్రం. ఫైనల్ జరిగే బల్ల చుట్టూ పదిమంది కూడా ఉండరు, వాళ్ళలో సగం ఓడిపోయిన ఆటగత్తెలే. మిగతా బల్లలు మామూలు కస్టమర్లకు అద్దెకిచ్చేశారు. జ్యూక్‌బాక్స్ మోగుతూనే ఉంది. ఎనిమిదో బంతి కుషన్‌కు (బల్ల అంచు రబ్బరుకు) ఆనుకుని ఉంది, తొమ్మిది బల్లకు అటు చివర. ఆమె వంగి గురి చూసుకుంటుంటే పక్క బల్ల కుర్రాడు క్యూ పట్టుకుని సరిగ్గా ఆమె కళ్ళ ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆమె లేచి, చాక్ రాసుకుని, అతను జరిగేదాకా ఆగి, మళ్ళీ వంగింది. ఎనిమిదిని సన్నగా కోసి మూల పాకెట్‌లోకి పంపింది. తెల్ల బంతి రెండు కుషన్లు తగిలి వచ్చి తొమ్మిదికి తిన్నగా నిలిచింది. అంత టెన్షన్‌లో, తొమ్మిదడుగుల బల్ల మీద ఆ షాట్ వేయడం మాటలు కాదు. నాలుగు చప్పట్లు, ఒక కవరు. ఆమె ఆరు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళి పొద్దున్నే నర్సు డ్యూటీకి ఎక్కాలి. ఇలాంటివాళ్ళను దగ్గరగా చూశాను కాబట్టే "ఆటలో పస తగ్గింది" అన్న మాట వింటే నాకు కోపం వస్తుంది.

ఇంకో వాదన కూడా వినిపిస్తుంది: ఆలిసన్ ఫిషర్, కారెన్ కార్ వచ్చి అన్నీ గెలుచుకుపోవడంతో అమెరికన్లకు ఆసక్తి పోయిందని. ఇది సాకు. వాళ్ళు ఏకధాటిగా గెలిచిన ఏళ్ళే టూర్ టీవీలో బాగా నడిచిన ఏళ్ళు. టెన్నిస్‌లో ఏ దేశం అమ్మాయి గెలిచినా జనం చూడటం లేదా? నిజంగా తప్పు ఉన్నది ఇంకో చోట. జానెట్ లీ తర్వాత ఆమెలా పూల్ తెలియనివాళ్ళకు కూడా పేరు తెలిసిన అమెరికన్ ఆటగత్తెను తయారుచేసుకోలేకపోయారు. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలను పట్టుకుని పెంచే ఏర్పాటు మీద టీవీ మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతు కూడా పెట్టలేదు. డబ్ల్యూపీబీఏను ఆటగత్తెలే నడుపుకున్నారు. అది గౌరవించాల్సిన విషయమే. కానీ పగలు మ్యాచ్ ఆడి, రాత్రి స్పాన్సర్‌తో బేరమాడాల్సిన మనిషి పదేళ్ళ తర్వాతి సంగతి ఎప్పుడు ఆలోచిస్తుంది?

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇది. ఇదే దేశంలో అమెచ్యూర్ పూల్ లీగ్ ఏపీఏకి రెండు లక్షలకు పైగా సభ్యులున్నారు. వాళ్ళు వారం వారం ఫీజులు కడతారు, క్యూలు కొంటారు, లాస్ వేగస్ పోటీలకు సెలవు పెట్టి మరీ వెళ్తారు. వాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఎందరో. అంటే డబ్బు, జనం రెండూ ఉన్నాయి. అయితే వాళ్ళు ఆడేది ఎక్కువగా బార్లలోని ఏడడుగుల బల్ల మీద, హ్యాండీక్యాప్‌తో (తక్కువ ఆట ఉన్నవాళ్ళకు ముందే ఇచ్చే వెసులుబాటు). ప్రొఫెషనల్ ఆటతో వాళ్ళకు సంబంధం కలిపినవాళ్ళు లేరు. మా లీగ్‌లో అడగండి, ఇవాళ్టి మహిళా ప్రపంచ చాంపియన్ పేరు చెప్పగలిగేవాళ్ళు వేళ్ళ మీద లెక్క. ఆ రెండు లక్షల మంది నుంచి తలా రెండు డాలర్లు ఏటా ప్రొఫెషనల్ ఆట వైపు మళ్ళే మార్గం 1995లోనే వేసి ఉంటే, టీవీ పోయినా టూర్ బతికేది.

ఇది కలలో మాట కాదని కొరియా చూపిస్తోంది. అక్కడ 2019లో మొదలైన ప్రొఫెషనల్ త్రీ కుషన్ (పాకెట్లు లేని బల్ల మీద ఆడే బిలియర్డ్స్) టూర్‌లో ఆడవాళ్ళకు ఎల్‌పీబీఏ అనే విడి టూర్ ఉంది. బ్యాంకులు, కార్డు కంపెనీలు టీమ్‌లు పెట్టి ఆడిస్తాయి. ఒకప్పుడు అమెరికాలో యూఎస్ ఓపెన్ గెలిచిన కిమ్ గా యంగ్ ఇప్పుడు అక్కడే ఆడుతూ టైటిల్ మీద టైటిల్ గెలుస్తోంది. నైన్‌బాల్ ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా 2009 నుంచి దాదాపు దశాబ్దం పాటు షెన్‌యాంగ్, గ్విలిన్, సాన్యా లాంటి చైనా నగరాల్లోనే జరిగింది. 2010లో ఫు షియావోఫాంగ్, తర్వాత హాన్ యు, ల్యూ షాషా, చెన్ సిమింగ్. అమెరికా టీవీ వెలిగిన రోజుల్లో అటు నుంచి ఇటు వచ్చిన ప్రవాహం దిశ మార్చుకుంది. 2024లో న్యూజీలాండ్‌లోని హామిల్టన్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌ను ఫిలిప్పీన్స్‌కు చెందిన రూబిలెన్ అమిట్ గెలిచింది.

డబ్ల్యూపీబీఏ మూతపడలేదు, అది కూడా చెప్పాలి. మిషిగన్‌లో సోరింగ్ ఈగిల్ క్యాసినో, మిన్నెసోటాలో నార్తర్న్ లైట్స్ క్యాసినో, అలబామాలో బర్మింగ్‌హామ్ పూల్ హాల్ లాంటి చోట్ల టోర్నమెంట్లు జరిగాయి, మ్యాచ్‌లు యూట్యూబ్‌లో చూడొచ్చు. క్యూలు తయారుచేసే ప్రెడేటర్ కంపెనీ 2020ల్లో ఆడవాళ్ళ అంతర్జాతీయ పోటీలకు మంచి బహుమతులు పెట్టింది. ఆలిసన్ ఫిషర్ యాభై దాటాక కూడా ఆడుతూనే ఉంది. ఆ పేర్లను ఇష్టపడి పెరిగిన మీలాంటివాళ్ళు ఒక సాయంత్రం పిల్లతో కూర్చుని ఆ మ్యాచ్‌లు చూడండి, బాగుంటుంది.

ఇక మీ అమ్మాయి. ఆడనివ్వండి, గట్టిగా ఆడనివ్వండి. అయితే చదువు ఆపి దీన్ని జీవనాధారం చేసుకోవడానికి అమెరికాలో ఇప్పుడు వీలు లేదు. ఈ దేశంలో బహుమతి డబ్బు మీదే బతుకుతున్న ఆడవాళ్ళు చాలా కొద్దిమంది. చదువో ఉద్యోగమో పక్కన ఉండి, ఏడాదికి కొన్ని టోర్నమెంట్లు ఆడటం అన్నది మాత్రం చక్కగా కుదిరే జీవితం.

బిలియర్డ్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ వాళ్ళ జూనియర్ నేషనల్స్‌కు అర్హత పోటీలు ఆడించండి. తన ఈడు పిల్లల మధ్య ఎక్కడుందో అక్కడ తెలుస్తుంది. బార్ బల్ల మీదే కాకుండా తొమ్మిదడుగుల బల్ల మీద సాధన చేయించండి, అది లేకపోతే పై స్థాయిలో పాకెట్లు గోడల్లా కనిపిస్తాయి. ఆడిన మ్యాచ్‌లన్నీ, ఆడేవాళ్ళ స్థాయిని అంకెలో చూపే ఫార్గో రేటింగ్‌లోకి ఎక్కేలా చూడండి. అందులో వంద పాయింట్ల తేడా అంటే పై అంకె ఉన్నవాళ్ళు రెండు ర్యాకులు గెలిస్తే కింది అంకె ఉన్నవాళ్ళు ఒకటి గెలుస్తారని లెక్క. పొగడ్తలకంటే, మన ఆశలకంటే ఆ అంకె నిజం చెప్తుంది. ఏడాదిలో అది ఎంత కదిలిందో చూసి, తర్వాత మెట్టు నిర్ణయించుకోవచ్చు. డబ్ల్యూపీబీఏ టోర్నమెంటుకు తీసుకెళ్తే ఫైనల్ రోజున కాకుండా మొదటి రోజున తీసుకెళ్ళండి. ఇరవై బల్లల మీద ఒకేసారి ఆడుతుంటారు, ఓడిపోయినవాళ్ళు ఖాళీగా ఉంటారు, అడిగితే చాలామంది ఓపిగ్గా మాట్లాడతారు, పిల్లలంటే ఇంకాను.

తన ఫార్గో అంకె ఇప్పుడు ఎంత, వారానికి ఎన్ని గంటలు ఆడుతోంది, ఏ సైజు బల్ల మీద ఆడుతోంది, కోచ్ ఉన్నారా అన్నవి రాయండి. దాన్నిబట్టి టెక్సస్‌లో ఏ స్థాయి పోటీతో మొదలుపెడితే బాగుంటుందో చెప్తాను.